వెబ్ పనికి టెక్స్ట్ ఎడిటర్ చాలదా, ఐడీఈ ఉండాల్సిందేనా?

పారిజాతం:
మా జట్టులో నలుగురం. పనంతా పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్. కొత్తగా చేరిన అమ్మాయి దగ్గర 4 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్ ఉంది. అందరూ పీహెచ్‌పీస్టార్మ్ అనే ఐడీఈనే (కోడ్ రాయడానికి, తప్పులు వెతకడానికి కావలసిన పనిముట్లన్నీ ఒకేచోట ఉండే ప్రోగ్రాము) వాడాలని ఒకరు పట్టుబడుతున్నారు. నాకు మాత్రం ఎడిటరే మేలనిపిస్తోంది. ఏ ఫైలు ఎక్కడుందో తానే వెతుక్కుని, ప్రతి అక్షరం తానే రాసుకున్నవారికి ప్రాజెక్టు ఆనుపానులు తెలుస్తాయి. మీరేమంటారు?

నల్లరేగడి:
పారిజాతం గారూ, పదిహేనేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మీ మాట ఒప్పుకోలేను. ఒక దుకాణం సైటులో ‘టోటల్’ అనే ఫంక్షన్‌కు పేరు మార్చాల్సి వచ్చింది. ఎడిటర్‌లో ఆ మాట వెతికించి, ప్రాజెక్టు మొత్తంలో ఒకేసారి మార్చేశాను. ఫంక్షన్‌తో పాటు డేటాబేస్‌కు పంపే ఎస్‌క్యూఎల్ వాక్యాల్లో ఉన్న కాలమ్ పేరు కూడా మారిపోయింది. డేటాబేస్‌లో మాత్రం పాత పేరే ఉంది. పేజీలన్నీ బాగానే తెరుచుకున్నాయి. సాయంత్రం మొదటి బిల్లు వేసినప్పుడు తెలిసింది, ఆర్డర్లు నమోదు కావడం లేదని. రాత్రి రెండింటిదాకా ఒక్కొక్క ఫైలూ తెరిచి సరిచేశాను.

ఐడీఈ కోడ్‌ను వ్యాకరణం ప్రకారం విడదీసి చదువుతుంది. ఏది ఫంక్షన్ పేరో, ఏది వేరే చోట వచ్చిన అదే మాటో దానికి తెలుస్తుంది. మార్చే ముందు ఎక్కడెక్కడ మారుతుందో చూపిస్తుంది. కొత్తవాళ్లకు ఆ రక్షణ ఇంకా ఎక్కువ అవసరం.

తుంగభద్ర:
అన్నా, మీరు పడ్డ కష్టం నిజమే, కానీ ఆ తేడా ఇప్పుడు లేదు. 2016లో లాంగ్వేజ్ సర్వర్ ప్రొటోకాల్, అంటే ఎడిటర్లూ భాషా సర్వర్లూ మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి, వచ్చింది. అంతకుముందు ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాషకూ విడివిడిగా ప్లగిన్ రాసుకోవాలి. ఇప్పుడు భాష తెలిసిన సర్వర్ పక్కన వేరే ప్రోగ్రాముగా నడుస్తుంది. కర్సర్ ఫలానా వరుసలో ఉంది, ఈ పేరు ఎక్కడ పుట్టింది అని ఎడిటర్ అడుగుతుంది, అది జవాబిస్తుంది. వీఎస్ కోడ్, ఈమాక్స్, సబ్లైమ్ లాంటి ఎడిటర్లన్నీ ఆ సర్వర్లతోనే మాట్లాడుతున్నాయి. నియోవిమ్ అనే ఎడిటర్‌లో 2021 నుంచి ఆ సదుపాయం లోపలే ఉంది. ఇంత జరిగాక ఎడిటర్‌కు కళ్లు లేవనడం అన్యాయం.

ఇంకొకటి. పీహెచ్‌పీలో ఫంక్షన్ పేరును స్ట్రింగుగా (మామూలు అక్షరాల వరుసగా) దాచి, తర్వాత దాన్ని పిలవవచ్చు. అలాంటి చోట ఐడీఈ చేసేది కూడా ఊహే.

నల్లరేగడి:
తమ్ముడూ, స్ట్రింగుల సంగతి ఒప్పుకుంటాను. కానీ ఈ ముక్కలన్నీ ఎవరు అతకాలి? సర్వర్ ఒకరిది, తప్పులు వెతికే డీబగ్గర్ ఎక్స్‌టెన్షన్ ఇంకొకరిది, కోడ్‌ను పొందికగా సర్దే ఫార్మాటర్ మరొకరిది. పోయిన నెల ఒక కుర్రాడు నా దగ్గరకు వచ్చాడు. అతని ఎడిటర్‌లో బ్రేక్‌పాయింట్ (కోడ్ ఆగాలని గుర్తుపెట్టిన చోటు) దగ్గర కోడ్ ఆగడం లేదు. రెండు రోజులు ఏవేవో మార్చి చూశాడట. చూస్తే, పాత పాఠం చదివి, డీబగ్గర్ ఎడిటర్‌తో మాట్లాడే పోర్టు 9000 అని పెట్టుకున్నాడు. పీహెచ్‌పీ డీబగ్గర్ అయిన ఎక్స్‌డీబగ్ 3 నుంచి మామూలుగా వాడేది 9003. ఒక్క అంకె మార్చగానే ఆగింది. అప్పటికి మాత్రం ఆ అబ్బాయి తనకు ప్రోగ్రామింగే రాదేమోనన్న బెంగలో పడిపోయాడు. నా బాధంతా అదే.

కొబ్బరాకు:
తెలుగు సైట్లు చేసే నాది వేరే అనుభవం. ఒక పీహెచ్‌పీ ఫైలులో తెలుగు శీర్షిక చేర్చి సేవ్ చేశాను. వెంటనే లాగిన్ ఆగిపోయింది. హెడర్లు (పేజీ కంటే ముందు బ్రౌజర్‌కు వెళ్లే సమాచారం) అప్పటికే వెళ్లిపోయాయని లోపం. కోడ్‌లో ఎక్కడా తప్పు లేదు. నేను వాడిన పాత ఎడిటర్ ఫైలు మొదట్లో బీఓఎం అనే మూడు బైట్లు చేర్చింది. అవి తెరమీద కనిపించవు, కానీ పీహెచ్‌పీ వాటిని ముందుగా బ్రౌజర్‌కు పంపేస్తుంది. ఆ తర్వాత లాగిన్‌ను గుర్తుంచే కుకీ పెట్టడం కుదరదు. వీఎస్ కోడ్ కింది పట్టీలో ఫైలు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) ఎప్పుడూ కనిపిస్తూ ఉంటుంది. నాకు అది చాలు. ఎడిటరా, ఐడీఈనా అని నేను చూడను. దాచకుండా చూపిస్తుందా లేదా అని చూస్తాను.

పారిజాతం:
నల్లరేగడి గారూ, బిల్లుల సంగతి చదివాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. వెతుక్కుంటేనే నేర్చుకుంటారనడం తొందరపాటు. అయినా 4 జీబీలో బ్రౌజరు, డేటాబేసు నడుస్తుండగా పెద్ద ఐడీఈ తెరిస్తే ఆమె రోజంతా ఎదురుచూడటానికే సరిపోతుంది. ఆమెకు వీఎస్ కోడ్, పీహెచ్‌పీ లాంగ్వేజ్ సర్వర్, డీబగ్గర్ మాత్రమే పెడతాం. మిగతా ముగ్గురూ ఎవరికి నచ్చింది వారు వాడుకోవచ్చు. ప్రాజెక్టులో ఎడిటర్లకు నియమాలు చెప్పే ఒక ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలు ఉంచి, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్, నాలుగు ఖాళీల ఇండెంటు అని అందులో రాస్తాను. అతికే పని ఆమె మీద వదలను. సోమవారం పక్కన కూర్చుని, 9003 పోర్టు సరిచూసి, మొదటి బ్రేక్‌పాయింట్ ఆగాకే లేస్తాను.