ఒక్కళ్లమే ఉంటే ప్రతి రూపాయీ రాసుకోవాలా? హన్మకొండల నా రెండు నెలల లెక్క

నయీంనగర్ కిరాయిదారు
జీతం చేతికి 23,500. ఒక్కణ్ణే ఉంట. అయినా 25వ తారీఖుకు ఖాతాల 600 మిగులుతున్నయి. గంతే జీతం ఉన్న మా ఆఫీసు అన్నకు ఇద్దరు పిల్లలు, ఆయన చిట్టీ కూడ కడుతుండు. అందుకే రెండు నెలల సంది ప్రతి పైసా రాస్తున్న.

కిరాయి 5,500. కరెంటు, నీళ్లు 900. తిండి 5,800. పెట్రోలు 1,800. ఫోను 350. ఊరికి అమ్మానాన్నలకు 5,000. అన్నీ కలిపితే 19,350. అంటే 4,150 మిగలాలె. మరి ఏడికి వోయినయి?

యూపీఐ హిస్టరీ ముంగటేసుకొని కూసున్న. ఒక్క నెలల 117 సార్లు స్కాన్ చేసిన. పది, ఇరవై, పదిహేను, నలభై. చాయ్, మిర్చి, జ్యూస్, నీళ్ల బాటిల్, అన్నీ కలిసి 2,260. రాత్రి వండబుద్ధి గాక యాప్‌ల తెప్పించుకున్న తిండి 1,290. జేబుల నోట్లు ఉన్నప్పుడు పర్సు పలచబడుడు కండ్లకు కనపడేది, ఇప్పుడు కనపడ్తలేదు.

ఒక్కరే ఉండేటోళ్లను "మళ్ల ఏం కొన్నవ్" అని అడిగేటోళ్లు ఇంట్ల ఉండరు. ఆ అడిగే పని నోటుబుక్కే చెయ్యాలె. ప్రతి రూపాయి రాసుడు తప్పనిసరి అంట నేను. కాదనేటోళ్లు చెప్పుండ్రి.

కరీమాబాద్ వాసి
నేను కాదంట. నాలుగు నెలలు రాసి ఇడిసిపెట్టిన. రాసుడుతోని ఖర్చు తగ్గలే, చాయ్ తాగినప్పుడల్ల తప్పు చేసినట్టు అనిపించుడు మాత్రం పెరిగింది. ఇప్పుడు జీతం పడ్డ మరునాడే 3,000 ఆర్డీకి, అంటే బ్యాంకుల నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌కు, కట్ అయితది. మిగిలింది ఎట్ల ఖర్చయినా రంది లేదు. ఐదేండ్లకు వడ్డీ కాక అసలే 1,80,000. ఖర్చు పెట్టంగ మిగిలినయి దాచుకుందామంటే ఏ నెలా మిగలయి తమ్మి.

ఇంకొక మాట, కోపం చేసుకోకు. ఇంటికి 5,000 అనేది నీ జీతంల ఐదో వంతు కన్న ఎక్కువ. కత్తిరించుడు ఆడికెల్లి మొదలుపెట్టాలె గాని చాయ్ కాడ కాదు.

నయీంనగర్ కిరాయిదారు
అన్నా, అది ఖర్చుల జమ కాదు. మా నాయిన ఇద్దరి దగ్గర మిత్తికి తెచ్చి నన్ను చదివించిండు, ఆ మిత్తి ఇంక నడుస్తున్నది. నెల దాటితే వాళ్లు ఇంటి ముంగటికి వస్తరు. నేను లెక్క రాసేదే ఆ 5,000 ఏ నెలా తప్పొద్దని. దాన్ని ఈ చర్చల నుంచి తీసెయ్యి.

రాత్రి డ్యూటీ నర్సు, కాజీపేట
ఆర్డీ అన్న చెప్పింది నేనూ చేశాను. ఐదో నెలలో అక్క ఒడిబియ్యానికి దాన్ని విరిచేశాను. కారణం ఒక్కటే, ఏడాదికోసారి వచ్చే ఖర్చులు ఏ నెల లెక్కలోనూ లేవు. దసరాకు ఊరెళ్లాలి, బతుకమ్మకు చీర కావాలి. రెండు పెళ్లిళ్లలో కట్నం చదివించాలి. స్కూటీ ఇన్సూరెన్స్ ఉంటుంది. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుందని ముందే తెలుసు, అయినా బెల్లం కొనే రోజున అప్పు అడుగుతాం.

నాకు దసరాకు 6,000, పెళ్లిళ్లకు 5,000, ఇన్సూరెన్స్‌కు 1,600 అవుతాయి. మేడారానికి 4,000 అంటే ఏడాది వాటా 2,000. మొత్తం 14,600. పన్నెండుతో భాగిస్తే నెలకు సుమారు 1,217. ఆ డబ్బు ఇప్పుడు వేరే ఖాతాలో ఉంటుంది, దాని కార్డు ఊళ్లో అమ్మ దగ్గర ఉంది. ఏడాది పాటు ప్రతిదీ రాశాకే నాకు ఈ అంకె దొరికింది. రాయకపోతే దొరకదు అన్నా.

పెట్రోలు సంగతి కూడా రాతలోనే తేలింది. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు 2023 డిసెంబరు 9 నుంచే ఉచితమైనా, నేను అలవాటుగా స్కూటీ తీస్తూనే ఉన్నాను. ఇప్పుడు పగటి డ్యూటీకి బస్సే. రాత్రి డ్యూటీకి మాత్రం బండి తప్పదు, అక్కడ పైసలు చూడను.

సుబేదారి
తిండి 5,800 అన్నవు. పొద్దున, రాత్రి కర్రీ పాయింటేనా?

నయీంనగర్ కిరాయిదారు
అన్నం ఇంట్లనే వండుత, కూర బయట. ఒక్కనికి కూర వండితే నష్టమే అయితున్నది. పావుకిలో అడిగితే అంగట్ల కూరగాయలామె మొఖం చూస్తది, అద్దకిలో తెస్తే సగం టమాటలు కుళ్లిపోతయి. చింతపండు, పల్లీలు, ఎండుమిర్చి ఇంట్ల పెట్టుకున్నకాడికెల్లి నయమైంది. కూర లేని పూట పచ్చిపులుసు పోసుకుంట. యాప్ తిండి ఈ నెల 400లనే ఆగింది.

కరెంటు తెలిసినోణ్ణి
మీరంత చాయ్ మీద కొట్లాడుతుండ్రు గని, ఆ 900 ఎవరూ చూస్తలేరు. తమ్మీ, నీ రూముకు ఓనర్ మెయిన్ మీటరు కింద పెట్టిన సబ్ మీటరా? యూనిట్‌కు ఎంత?

నయీంనగర్ కిరాయిదారు
అవును. యూనిట్‌కు పది. నెలకు 70 యూనిట్ల దాక కాలుతది. నీళ్లకు 200.

కరెంటు తెలిసినోణ్ణి
గదే. నీ పేరు మీద సొంత మీటరు ఉంటే మొదటి 50 యూనిట్లు 1.95 లెక్కన, తర్వాతి 20 యూనిట్లు 3.10 లెక్కన పడతయి. 160 రూపాయలు కూడ కాదు, మిగతా ఛార్జీలు కలిపినా 300 లోపే. నువ్వు 700 కడుతున్నవు.

అట్లని ఓనర్ మొత్తం మింగుతుండనీ అనను. నాలుగు రూములు ఒక్క మీటరు మీద ఉంటే అందరి యూనిట్లు కలిసి 200 దాటుతయి. దాటితే మొదటి యూనిట్ నుంచే 5.10 పడతది, 200 పైన 7.70. చవక స్లాబు ఎవ్వరికీ రాదు. 200 యూనిట్ల లోపు ఉచితం అనే గృహజ్యోతికి రేషన్ కార్డు కావాలె, మన అసోంటోళ్ల పేర్లు ఊర్లె అమ్మానాన్నల కార్డులనే ఉంటయి. మెయిన్ మీటరు బిల్లు సూపెట్టమని మర్యాదగ అడుగు. యూనిట్లతోని భాగిస్తే అసలు రేటెంతో తెలుస్తది.

కరీమాబాద్ వాసి
చూసినవా తమ్మి? రెండు నెలలు రాసినవు, ఆ 700 నీ పుస్తకంలనే ఉన్నది. అయినా నీ కండ్లు చాయ్ మీదనే పడ్డయి.

రాత్రి డ్యూటీ నర్సు, కాజీపేట
పుస్తకంలో ఉంది కాబట్టే కదా అన్నా, ఆయన చూసి చెప్పగలిగారు.

నయీంనగర్ కిరాయిదారు
నిన్న ఓనరంకుల్‌ను అడిగిన. ముందు మొఖం మాడ్చుకున్నడు, తర్వాత లోపలికి వోయి బిల్లు తెచ్చిండు. ఇద్దరం మెట్ల మీద కూసొని భాగించినం. యూనిట్‌కు ఏడు రూపాయల మీద కొన్ని పైసలు వచ్చింది. మోటరు, మెట్ల లైటు ఖర్చు కలిపి ఎనిమిది చేసిండు. నెలకు 140 తగ్గింది. మీటరు ఫొటో ప్రతి ఒకటో తారీఖున ఇద్దరం కలిసి తీసుకుందామన్నడు.

కరీమాబాద్ అన్నా, వచ్చే నెల నుంచి 1,500తోని ఆర్డీ మొదలువెడుత. రాసుడు మాత్రం ఇడువ. అక్కా, మీరు చెప్పినట్టు ఏడాది ఖర్చులకు ఇంకో పేజీ తీసిన. మొదటి వరుసల నాయిన మిత్తి ఎప్పటికి తీరుతదో ఆ నెల రాసిన, దాని కింద దసరా.