ఇనుమారా, ఇరుమారా? (అడిగింది మాత్రం ‘అతుకు’ గురించి)

డ్రాఫ్టింగ్ సారు, నల్లగొండ:
ఐటీఐ పిల్లల కోసం ఆటోక్యాడ్ (కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) నోట్సు తెలుగులో రాస్తూ, గీతల్ని కలిపే ‘జాయిన్’ కమాండ్ దగ్గర ఆగిపోయాను. నిన్న ఒక పిల్లవాడు రెండు గదుల ప్లాన్ గీశాడు. గోడలో హ్యాచ్, అంటే చారల నమూనా, నింపబోతే నిండదు. జూమ్ చేసుకుంటూ పోతే వంటగది మూలలో రెండు గీతల మధ్య వెంట్రుకంత సందు. గీతల కొసల్ని కచ్చితంగా పట్టించే ఆస్నాప్ ఆపేసి కంటి అంచనాతో గీశాడట. "అతకలేదు సార్" అన్నాడు. ఆ మాటతో వేమన్న పట్టుకున్నాడు: "ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు, కాచి యతుకవచ్చు..." ఆ తర్వాత ‘క్రమముగాను’ అని చదివినట్టు గుర్తు. మా నాయన ‘కమ్మరీడు’ అంటాడు. ఏది? ఇంతకీ జాయిన్‌కు ‘అతుకు’ సరిపోతుందా?

దేవరకొండ పంతులు:
ముందు మొదటి పాదం సరిచేసుకోండి. ఇనుమారు కాదు, ఇరుమారు. ఇరువైపులా, ఇరుపక్షాలు అనడం లేదూ?

పాలమూరు పాతపుస్తకం:
ఇనుమడి, ఇనుమడించు మాటేమిటి పంతులుగారూ? ‘ఇను’ కూడా రెండే. ‘ఇనుము’ వెంటనే ‘ఇనుమారు’ పడితే ఆ మోతే వేరు, వేమన వదులుకుంటాడా? సాహితీవేత్త సురవరం ప్రతాపరెడ్డి గారి జిల్లా వాళ్ళం, చెవి కాస్త పదును.

దేవరకొండ పంతులు:
చెవి సరే, యతి చూడండి, పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడే జత. ఇ, యి.

పాలమూరు పాతపుస్తకం:
ఆ యతి నాకూ చెల్లుతుందిగా! రెండు పాఠాల్లోనూ అక్కడ సలమనే ఒకే గణం. ‘కమ్మరీడు’ అన్నా ‘క్రమముగాను’ అన్నా అంతే, యతీ కుదురుతుంది, సూర్యగణాలూ కుదురుతాయి. ఛందస్సు తీర్పు చెప్పదు. 1829లో బ్రౌన్ అచ్చు వేయించేనాటికే ఈ పద్యాలు ఎన్ని నోళ్ళలో నానాయో.

మిర్యాలగూడ కొలిమి:
కమ్మరీడే. ‘క్రమముగాను’ పాదం నింపడానికి వేసిన మాటలా ఉంది. మా ఊళ్ళో కర్రు అతికించడం చూశాను. ఎర్రబడితే చాలదు, తెల్లగా అయ్యేదాకా కాచాలి. సమ్మెట పడగానే రవ్వలు చిమ్ముతాయి. ఒక్క కాకకు అంటదు, మళ్ళీ కొలిమిలో పెట్టాల్సిందే. ముమ్మారు అన్నది అందుకే. అతికాక రెండు ముక్కలూ ఒకటే. మీ జాయిన్ కూడా అంతేగా సారూ?

డ్రాఫ్టింగ్ సారు, నల్లగొండ:
అక్కడే చిక్కు. ఒకే వరుసలో ఉన్న రెండు గీతలు జాయిన్ చేస్తే ఒకే గీత. మూలలో కొసలు తాకిన గీతలైతే పాలీలైన్, అంటే మూల తిరిగినా ఒకే ముక్కగా ఉండే గీత, అవుతుంది. తాకకపోతే మూల కలిపే ఫిల్లెట్ కమాండ్‌లో వ్యాసార్ధం సున్నా పెట్టి మూలకు లాగాలి, మూల దాటి పోయిన ముక్క తెగిపోతుంది. వ్యాసార్ధం ఇస్తే మధ్యలో కొత్త చాపం పుడుతుంది. వృత్తానికి కొసే లేదు, ట్రిమ్‌తో కొంత కత్తిరించి చాపంగా మారిస్తే తప్ప గీతతో జాయిన్ కాదు. అన్నిటికీ ‘అతుకు’ అంటే పిల్లలు తికమకపడరా?

వనపర్తి వ్యాకరణం:
తెలుగు వ్యాకరణం రాసిన చిన్నయసూరి ఎప్పుడో తేల్చాడు! సున్నా ఫిల్లెట్ సంధి: రాముడు, అతడు కలిస్తే రాముడతడు, ఉకారం తెగింది. జాయిన్ సమాసం. వ్యాసార్ధం ఉన్న ఫిల్లెట్ ఆగమం, అంటే మధ్యలో కొత్తగా వచ్చి చేరే అక్షరం: సంధి లేనిచోట ‘య’ వచ్చినట్టు చాపం వచ్చింది. మీ ‘యినుమారు’లో ఉన్న య అదే. సందు ఉంటే సంధి లేదు, ఇది నా సొంత సూత్రం.

మిర్యాలగూడ కొలిమి:
ఐటీఐ పిల్లలకు యడాగమమా! రేపు క్లాసులో సారు ఒక్కరే ఉంటారు.

దేవరకొండ పంతులు:
యినుమారు కాదండీ, యిరుమారు.

డ్రాఫ్టింగ్ సారు, నల్లగొండ:
రేపు నోట్సు ఇవ్వాలి. ప్రస్తుతానికి "జాయిన్ కొట్టండి" అని రాసేశాను.

పాలమూరు పాతపుస్తకం:
తొందరపడకండి. మూడో పాదం ఎవరూ పట్టించుకోలేదు. "మనసు విరిగెనేని మరి యంట నేర్చునా" అనే పాఠం తీసుకుంటే, ఇనుముకు అతకడం, మనసుకు అంటడం. రెండు వేర్వేరు క్రియలు ఎందుకు వాడినట్టు?

దేవరకొండ పంతులు:
‘మరి చేర్చరాదయా’ కదా?