ఫ్యాన్ వేయి, తలుపు వేయి: ఫాస్ఫారిలీకరణానికి ఏ క్రియ వాడాలి?

ప్రశ్న, గుంటూరు నుంచి:

డిగ్రీ పిల్లలకు తెలుగులో నోట్సు రాస్తున్నాను. కణ చక్రం పాఠంలో ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: "ఫాస్ఫారిలీకరణం వల్ల అనులేఖన కారకాలు ఉత్తేజితమవుతాయి." అంటే ఫాస్ఫేటు చేరితే, జన్యువులను పలికించే ప్రోటీన్లు చురుగ్గా మారతాయని. చదవడానికి బాగానే ఉంది, కానీ ఎక్కడో తేడా కొడుతోంది. "ఉత్తేజితం" బదులు ఇంకో మాట ఉందా? మా కాలేజీలో ఒకరు అసలు ఫాస్ఫారిలీకరణమే తీసేసి "భాస్వరీకరణ" అని పెట్టమంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు, విజయవాడ నుంచి:

మేడమ్, తేడా తెలుగులో లేదు, విషయంలోనే ఉంది. కణ చక్రం వరకు చూస్తే ఆ వాక్యం చాలాచోట్ల తప్పు.

ముందు భాస్వరీకరణ సంగతి. మీ జిల్లాలో భాస్వరం అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది డీఏపీ బస్తా. 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం అని మిర్చి రైతు నోటి లెక్కగా చెబుతాడు. అంత వాడుకలో ఉన్న మాట మీద నాకు పేచీ లేదు. అయితే ప్రోటీన్ మీదికి వచ్చి చేరేది భాస్వరం ఒక్కటే కాదు, ఆక్సిజన్‌తో కలిసిన ఫాస్ఫేటు. పైగా భాస్వరం అంటే మెరిసేది అని అర్థం. ఫాస్ఫరస్ అనే గ్రీకు మాట కూడా వెలుగు తెచ్చేదనే చెబుతుంది. తెల్ల భాస్వరం చీకట్లో మెరుస్తుంది కాబట్టి ఆ పేరు దానికి నప్పింది. ప్రోటీన్ మీద పడిన ఫాస్ఫేటు ఏమీ మెరవదు. ఈ వెలుగు వాసన తగిలితే పిల్లలు మళ్లీ "ఉత్తేజం" వైపే పోతారు. పుస్తకాల్లో ఫాస్ఫారిలీకరణం ఎటూ అలవాటైంది, దాన్ని కదపకండి.

గొడవంతా క్రియతోనే. ఇంట్లో మనం రోజూ వాడే "వేయి" చూడండి. ఫ్యాన్ వేస్తే తిరుగుతుంది. తలుపు వేస్తే మూసుకుంటుంది. "వేయి" అనే మాటలో మొదలెట్టడమూ లేదు, ఆపడమూ లేదు. దేన్ని వేశామన్నదాన్ని బట్టే అర్థం తేలుతుంది. ఫాస్ఫేటుదీ ఇదే వరస. కైనేజ్ అనే ఎంజైమ్ కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేటు తీసుకుని ప్రోటీన్‌లోని సెరీన్ అనే అమైనో ఆమ్లం మీదో, థ్రియోనిన్ మీదో, టైరోసిన్ మీదో వేస్తుంది. ఫాస్ఫటేజ్ దాన్ని తీసేస్తుంది. ఫాస్ఫేటు పడిన చోట రుణావేశం పెరుగుతుంది. దాంతో ప్రోటీన్ ఆకారం మారొచ్చు, పట్టుకున్నదాన్ని వదిలేయొచ్చు, కొత్తదాన్ని పట్టుకోవచ్చు. ఏం జరిగేదీ అది ఎక్కడ పడిందన్నదే చెబుతుంది.

మరి ఉత్తేజం అనే మాట ఎలా అంటుకుంది? 1950ల్లో ఎడ్విన్ క్రెబ్స్, ఎడ్మండ్ ఫిషర్ కండరంలో పట్టుకున్న ఉదాహరణ గ్లైకోజన్‌ను విడగొట్టే ఎంజైమ్ గ్లైకోజన్ ఫాస్ఫరైలేజ్. అది నిజంగానే ఫాస్ఫేటు పడితే పనిలోకి దిగుతుంది. ఆ పనికి వాళ్లిద్దరికీ 1992లో నోబెల్ వచ్చింది. పాఠాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి కాబట్టి ఆ ఒక్క ఉదాహరణే సూత్రమై కూర్చుందని నా అనుమానం. అదే కండరంలో గ్లైకోజన్‌ను తయారుచేసే గ్లైకోజన్ సింథేజ్ మీద ఫాస్ఫేటు పడితే అది చల్లబడుతుంది, ఆ ముక్క మాత్రం పిల్లలకు గుర్తుండదు.

ఇక కణ చక్రం. కణం పెరిగే జీ1 దశలో ఈ2ఎఫ్ అనే అనులేఖన కారకం డీఎన్‌ఏ ప్రతికృతికి కావలసిన జన్యువులను పలికించడానికి సిద్ధంగా ఉంటుంది, కానీ ఆర్‌బీ అనే ప్రోటీన్ దాన్ని గట్టిగా పట్టుకుని ఉంటుంది. పసిపిల్లల కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమా క్యాన్సర్ నుంచి ఆర్‌బీకి ఆ పేరు. సీడీకేలంటే సైక్లిన్ అనే ప్రోటీన్ జతకడితేనే పనిచేసే కైనేజ్‌లు. మొదట సైక్లిన్ డీతో జతకట్టిన సీడీకే4, సీడీకే6, ఆ తర్వాత సైక్లిన్ ఈతో జతకట్టిన సీడీకే2 ఆర్‌బీ మీద ఫాస్ఫేట్లు వేస్తాయి. ఒకటీ రెండూ కాదు, పదికి పైగా చోట్లున్నాయి. అన్ని పడేసరికి ఆర్‌బీ పట్టు సడలి ఈ2ఎఫ్ బయటపడుతుంది, కణం ఆ ప్రతికృతి జరిగే ఎస్ దశలోకి వెళుతుంది. ఇక్కడ గమనించండి మేడమ్, ఫాస్ఫేటు పడింది ఆర్‌బీ మీద. ఆర్‌బీ ఉత్తేజితం కాలేదు, దాని పని ఆగిపోయింది. పనిలోకి దిగింది ఈ2ఎఫ్. మీ నోట్సులోని వాక్యం ఈ ఇద్దరినీ ఒకరిగా కలిపేసింది.

కథ అక్కడితో అయిపోదు. ఎస్ దశ నడుస్తుండగా సైక్లిన్ ఏతో ఉన్న సీడీకే2 ఈ2ఎఫ్1 దగ్గరికే వచ్చి, దాని జోడీ అయిన డీపీ1 మీద ఫాస్ఫేటు వేస్తుంది. ఆ జంటకు డీఎన్‌ఏ మీద పట్టు తగ్గుతుంది. ఈ2ఎఫ్‌ను విడిపించిన సీడీకే2 చేతనే, సైక్లిన్ మారేసరికి, దాన్ని పక్కకు తప్పించే పని కూడా జరుగుతుందన్నమాట.

ఈస్ట్‌లోని స్వి5 అనే అనులేఖన కారకం ఇంకా బాగుంటుంది, నాకైతే పాఠం దీంతోనే మొదలుపెట్టాలనిపిస్తుంది. కేంద్రకంలోకి పోవడానికి దానిలో ఒక గుర్తు భాగం ఉంటుంది. సీడీకే1 సరిగ్గా ఆ భాగంలో, దాని చుట్టుపక్కల ఫాస్ఫేట్లు వేస్తుంది. దాంతో స్వి5 కేంద్రకం బయటే నిలబడిపోతుంది. సమవిభజన చివర సీడీసీ14 అనే ఫాస్ఫటేజ్ వచ్చి వాటిని తీసేస్తే అప్పుడు లోపలికి వెళ్లి సిక్1 జన్యువును పలికిస్తుంది. సిక్1 తిరిగి సీడీకేనే అణుస్తుంది. ఇక్కడ కారకం పనిచేసేది ఫాస్ఫేటు తీసినప్పుడు, వేసినప్పుడు కాదు.

సమవిభజన నడిచేటప్పుడైతే వేళ్లలాంటి మడతలతో డీఎన్‌ఏను పట్టుకునే చాలా జింక్ ఫింగర్ కారకాలు క్రోమోజోముల మీద పట్టు కోల్పోతాయి. వేళ్ల మధ్య ఉండే లింకు మీద ఫాస్ఫేటు పడుతుంది. డీఎన్‌ఏ వెన్నంతా ఫాస్ఫేట్లే, దానిదీ రుణావేశమే. రెండూ పొసగవు.

మరి ఉత్తేజం అనే మాటకు చోటే లేదా అంటే, ఉంది. ఫాక్స్‌ఎం1 అనే అనులేఖన కారకం దాని సొంత మొదటి కొస భాగంతోనే అణగి ఉంటుంది. ఎస్ దశ తర్వాత వచ్చే జీ2లో సీడీకే ఫాస్ఫేట్లు వేస్తే ఆ అడ్డు తొలగి, సైక్లిన్ బీ1 లాంటి సమవిభజన జన్యువులను పలికిస్తుంది. ఆ ఒక్క వాక్యంలో ఉత్తేజితం అని హాయిగా రాసుకోండి.

గుంటూరు నుంచి:

చాలా థ్యాంక్స్ అండి. మరి నోట్సులో "వేస్తుంది, తీస్తుంది" అని రాస్తే పేపరు దిద్దేవాళ్లు ఊరుకుంటారా? పిల్లల మార్కులంటే నాకు టెన్షన్.

విజయవాడ నుంచి:

శీర్షికలో ఫాస్ఫారిలీకరణం అని ఉంచండి, వివరణలో వేస్తుంది, పడుతుంది, తీస్తుంది అని రాయండి. మార్కులు పోవు. మీ వాక్యాన్ని నేనైతే ఇలా మారుస్తాను: "కణ చక్రంలో ఫాస్ఫేట్లు వేయడం, తీయడం ద్వారా అనులేఖన కారకాలు ఎప్పుడు పనిచేయాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయమవుతుంది." కింద ఆర్‌బీ, స్వి5, ఫాక్స్‌ఎం1 మూడూ ఇవ్వండి.

ఎవరైనా పిల్లలు ఇదంతా ఎందుకని అడిగితే పాల్బోసిక్లిబ్ గురించి చెప్పండి. 2015లో అమెరికాలో అనుమతి వచ్చిన రొమ్ము క్యాన్సర్ మందు. అది సీడీకే4, సీడీకే6లను ఆపుతుంది. ఆర్‌బీ మీద ఫాస్ఫేట్లు పడవు, ఈ2ఎఫ్ విడుదల కాదు, కణం జీ1లోనే నిలిచిపోతుంది. ఆర్‌బీయే లేని కణితిలో ఈ మందు ఎందుకు పనిచేయదో వాళ్లనే అడగండి. "ఫాస్ఫారిలీకరణం అంటే ఉత్తేజం" అని బట్టీ పట్టినవాళ్లు అక్కడ దొరికిపోతారు.