వాషింగ్టన్ కట్టుడు పళ్ళ నమూనా: చెక్కతో చేయొచ్చా?

కోడంబాక్కం_డెంటల్: చెన్నైలో ఒక తెలుగు మీడియం బడి పిల్లల కోసం మా డెంటల్ కాలేజీ తరఫున ప్రదర్శన పెడుతున్నాం. జార్జ్ వాషింగ్టన్ కట్టుడు పళ్ళ నమూనా చేయాలి. ఆయనవి చెక్క పళ్ళని చాలాచోట్ల రాశారు. టేకు ముక్క చెక్కితే సరిపోతుందా? పై పలకనీ కింది పలకనీ కలిపే స్ప్రింగులు ఎలాంటివి, ఎక్కడ బిగించాలి? ల్యాబ్‌లో స్టోన్ (అచ్చులు పోసే గట్టి జిప్సం పొడి), సెల్ఫ్ క్యూర్ (పౌడరు, లిక్విడ్ కలిపితే దానంతటదే గట్టిపడే యాక్రిలిక్) ఉన్నాయి.

పాతపళ్ళ_చరిత్ర: చెక్క వద్దండి. ఆయన వాడిన సెట్లలో ఒక్కటీ చెక్కది కాదు. నీటి గుర్రం దంతం, మనుషుల పళ్ళు, జంతువుల పళ్ళు, సీసం, ఇత్తడి స్క్రూలు, ఇవీ సరుకులు. దంతం మీద సన్నటి పగుళ్ళు పడి, వాటిలో మరక దిగితే కర్ర చారల్లా కనిపిస్తుంది. చెక్క కథ అక్కడే పుట్టి ఉంటుందంటారు.

1789లో అధ్యక్షుడిగా ప్రమాణం చేసేనాటికి ఆయనకి మిగిలింది ఒకే ఒక్క పన్ను, కింది వరసలో ఎడమ ప్రీమోలార్ (కోరపన్ను వెనకుండే చిన్న దవడపన్ను). న్యూయార్క్ దంతవైద్యుడు జాన్ గ్రీన్‌వుడ్ కింది పలకకి రంధ్రం పెట్టి, ఆ పన్ను అందులోంచి పైకి వచ్చేలా చేశాడు. 1796లో అదీ ఊడింది. మీరు 1789 సెట్టే చేయండి, ఆ రంధ్రం చూపిస్తే పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది. ఆయన ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో ఉన్న, అడుగుభాగం సీసంతో చేసిన సెట్టు వేరు. రెండూ కలపొద్దు.

ల్యాబ్_మేస్త్రి: కొలతలు చెప్తాను. పళ్ళు లేని దవడల అచ్చులో టైప్ 3 స్టోన్ పోయండి, 100 గ్రాములకి 30 మి.లీ. నీళ్ళు. గట్టిపడ్డాక కోల్డ్ మోల్డ్ సీల్ (అంటుకోకుండా పూసే ద్రవం) రెండు పూతలు. ఈ పూత మర్చిపోతే యాక్రిలిక్ స్టోన్‌కి అంటుకుపోయి, విడదీసేటప్పుడు రెండూ విరుగుతాయి.

పన్ను రంగు సెల్ఫ్ క్యూర్ పౌడరు మూడు వంతులకి లిక్విడ్ ఒక వంతు. గులాబీ రంగు వద్దు, ఆ కాలంలో చిగురు, పన్ను అంతా ఒకే దంతపు ముక్కలో చెక్కిన భాగాలుంటాయి. చెన్నై వేడికి పిండి గబగబా బిగుసుకుంటుంది. లిక్విడ్ సీసాని ముందు చల్లబెట్టి, ఒకసారికి ఒక్క పలకకే కలపండి. పాలిష్ అయ్యాక స్కాల్పెల్‌తో సన్నటి గీతలు గీసి గోధుమరంగు రుద్దితే దంతపు పగుళ్ళు వచ్చేస్తాయి.

ఇక స్ప్రింగు. చుట్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండే సన్నటి స్టీలు స్ప్రింగులు రెండు కావాలి, ప్యారీస్ కార్నర్ హార్డ్‌వేర్ కొట్లలో వెతకండి. సాగదీసి బిగిస్తే అది రెండు పలకల్నీ దగ్గరికి లాగుతుంది, పై పలక కింద పడుతుంది. అందుకని వెనక్కి విల్లులా వంచి పెట్టాలి. నిటారు కావాలని చూసే ఆ బలమే పై పలకని అంగిలికీ, కింది దాన్ని చిగురుకీ నొక్కుతుంది. అప్పటికి నోటికి అచ్చంగా అతుక్కునే పలకలు లేవు, గాలిపట్టు దొరికేది కాదు. కాబట్టి ఆయన నోరు మూయాలంటే స్ప్రింగు మీద దవడ బిగించాల్సిందే.

కోడంబాక్కం_డెంటల్: చాలా థాంక్స్ సార్. నమూనాకి బిగిస్తే పై పలక వెనకభాగం లేచిపోతోంది. స్ప్రింగు మెత్తదేమో?

ల్యాబ్_మేస్త్రి: మెత్తదనం కాదు, స్క్రూ బాగా ముందుకి పడి ఉంటుంది. ప్రీమోలార్ల దగ్గర, పలక పొడవుకి సుమారు మధ్యలో పెట్టండి. స్ప్రింగు కొస స్క్రూ చుట్టూ తిరగాలి. గట్టిగా బిగిస్తే నోరు తెరిచినప్పుడల్లా పలకని తిప్పేస్తుంది. లిక్విడ్ సీసా మాత్రం బడికి తీసుకెళ్ళొద్దు, నమూనా ఎవరి నోట్లోనూ పెట్టనివ్వొద్దు.

పాతపళ్ళ_చరిత్ర: పక్కన పెట్టే అట్ట మీద రెండు విషయాలు తప్పక రాయండి. మరక ఎందుకంటే, 1798లో గ్రీన్‌వుడ్ ఆయనకి రాసిన ఉత్తరం ఉంది: పోర్ట్ వైన్ పులుపు పాలిష్‌ని తినేస్తుంది, భోజనం తర్వాత తీసి మంచినీళ్ళలో వేసి వేరే సెట్టు పెట్టుకోండి, లేదా సన్నగా గీకిన సుద్దతో బ్రష్ చేయండి అని. పిల్లలకి చెప్పే పాఠానికి సరిగ్గా పనికొస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం. వాషింగ్టన్ లెక్కల పుస్తకంలో 1784 మే నెలలో, నల్లజాతివారికి 9 పళ్ళకు గాను 6 పౌండ్ల 2 షిల్లింగులు ఇచ్చినట్టు పద్దు ఉంది. మౌంట్ వెర్నన్‌లో ఆయన కింద బానిసలుగా బతికినవారే వాళ్ళని చరిత్రకారులు భావిస్తారు. ఆ 9 పళ్ళూ ఆయన సెట్టులోకే వెళ్ళాయనడానికి రుజువు లేదు, కాబట్టి పద్దులో ఉన్నంతే రాయండి. చెక్క పళ్ళ కథ చెప్పుకున్నంతకాలం ఈ పద్దు మరుగున పడింది. దాన్ని చిన్న అక్షరాల్లో అడుగున వేయకండి, నమూనా పక్కనే పెట్టండి.