ఫ్యామిలీకి సరిపోవాలి, నడిపితే మజా ఉండాలి. సెకండ్ హ్యాండ్‌లో ఏది తీసుకోవాలి? బుర్ర వేడెక్కిపోయింది

నిద్రలేని_నాన్న:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నా, ఇప్పుడు ఒంటిగంట దాటింది, ఇరవై ట్యాబులు తెరిచి పెట్టుకున్నా, ఒకడు బంగారం అన్న కారుని ఇంకొకడు చెత్త అంటాడు. ఫ్యామిలీ కారు అని వెతికితే అన్నీ బీరువాకి చక్రాలు బిగించినట్టుండే బండ్లే చూపిస్తున్నారు. నాకు మలుపులో తిప్పితే చేతికి ఏదో తెలియాలి, నిద్ర రాకూడదు, అంతే. మూడు దగ్గర ఆగా: స్కోడా ఆక్టావియా మూడో తరం 1.4 టర్బో పెట్రోల్, మాజ్డా 6 మూడో తరం 2.0 పెట్రోల్, బీఎండబ్ల్యూ 3 సిరీస్ ఎఫ్30. మూడూ అయిదారేళ్ళ పైబడినవే. ఏది కొనాలో ఒక్క ముక్కలో చెప్పండి ప్లీజ్, ఇంక ఒక్క వీడియో కూడా చూసే ఓపిక లేదు.

మూడో_గేరు:
మాజ్డా 6. మాన్యువల్.

నాలుగు_టైర్లు:
కారు సంగతి తర్వాత, ముందు టైర్ల సంగతి చెప్పు. ఎవరూ అడగరు ఇది. ఆ 3 సిరీస్‌కి రన్‌ఫ్లాట్లు ఉన్నాయా మామూలువి వేశారా? రన్‌ఫ్లాట్ అంటే పక్క గోడ గట్టిగా ఉంటుంది, గాలి పోయినా కొంత దూరం నడుస్తుంది, కానీ ప్రతి గతుకూ నడుముకి చెప్తుంది, జనం దాన్ని పట్టుకుని సస్పెన్షన్ బాలేదు అంటారు. మామూలువి వేసి ఉంటే డిక్కీలో స్టెప్నీ ఉండదు చాలా వాటికి, అది చూసుకో. ఇంకోటి, టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది అని. నాలుగింటి మీదా చదువు. గాడి బాగా కనపడుతున్నా రబ్బరు ముసలిదైపోతే వానలో సబ్బు బిళ్ళ మీద నిలబడ్డట్టే. నాలుగు టైర్లు నాలుగు కంపెనీలవైతే ఆ ఓనరు మిగతావి కూడా అలాగే చూసుకున్నాడని అర్థం, నేనైతే అక్కడినుంచే వెనక్కి వచ్చేస్తా. నీ మజా అంతా అరచేయంత రబ్బరు నాలుగు చోట్ల రోడ్డుకి ఆనడంలో ఉంది, ఇంజిన్‌లో కాదు.

నిద్రలేని_నాన్న:
అన్నా టైర్లు కొన్నాక మార్చుకుంటా, ముందు ఏ కారో తేలాలిగా. టార్క్ చూస్తే ఆక్టావియాకి 250, మాజ్డాకి 210. అంటే ఆక్టావియానే స్పీడు కదా? అయితే దానికి వెనక టోర్షన్ బీమ్ అట, అంటే రెండు వెనక చక్రాలనీ కలిపే ఒకే దూలం, మాజ్డాకి మల్టీలింక్ అట, అంటే ఒక్కో చక్రానికీ విడిగా కడ్డీలు, టోర్షన్ బీమ్ ఉంటే మజా ఉండదని ఒకాయన గట్టిగా చెప్పాడు.

టార్క్_మాస్టారు:
ఇదిగో ఇక్కడే అందరూ బోల్తా పడతారు. టార్క్ అంటే స్పీడు కాదండీ. టార్క్ అనేది తిప్పే బలం, పవర్ అనేది ఆ బలంతో ఎంత త్వరగా పని అవుతోంది అనేది. న్యూటన్ మీటర్లని ఆర్‌పిఎంతో గుణించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. అదే 250 టార్క్ 1,500 దగ్గర ఉంటే 39 కిలోవాట్లే, 3,500 దగ్గర ఉంటే 91 దాటుతుంది. మాజ్డా 210 అనేది 4,000 దగ్గర, అంటే 88. చూశారా పై చివర రెండూ ఎంత దగ్గరో. ఇంకోటి, బ్రోషర్లో 150 పిఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) అని ఉంటే అది 150 హార్స్‌పవర్ కాదు, 148కి కాస్త తక్కువ. రెండూ ఒకటే అన్నట్టు రాసేస్తారు అందరూ.

మూడో_గేరు:
రోడ్డు మీద 4,000 దాకా ఎవరు తిప్పుతున్నారు మాస్టారూ.

టార్క్_మాస్టారు:
తిప్పేవాడే కదా మజా కావాలని అడిగింది?

గ్రీజు_చేతులు:
టోర్షన్ బీమ్ గోల ఎక్కువైంది. 1998లో ఫోర్డ్ ఫోకస్ మల్టీలింక్‌తో వచ్చి ఆ సైజు కార్లన్నిటికీ పరువు పోయేలా చేసింది, నిజమే. ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ ఏడో తరంలో కూడా చిన్న ఇంజిన్‌కి బీమ్, పెద్దదానికి మల్టీలింక్ ఇచ్చారు, అదీ నిజమే. కానీ 2019లో వచ్చిన మాజ్డా 3 మల్టీలింక్ నుంచి మళ్ళీ బీమ్‌కి వెళ్ళింది, అది నడిపి బాలేదన్నవాళ్ళు నాకు తగల్లేదు. ఫియెస్టా, స్విఫ్ట్ రెండూ బీమే, మలుపులో అవి ఎలా ఉంటాయో నడిపినవాడిని అడుగు. బీమ్ తేడా ఎక్కడ తెలుస్తుందంటే మలుపు మధ్యలో గతుకు వస్తే, ఒక చక్రం ఎగిరితే రెండోదానికి కూడా కొంచెం తెలుస్తుంది.

తమ్ముడూ అసలు విషయం వేరే. నువ్వు చూసేవి కొత్త కార్లు కావు. లక్ష కిలోమీటర్లు దాటిన మల్టీలింక్‌లో బుష్‌లు (కీళ్ళ దగ్గరి రబ్బర్లు) పోయి ఉంటే దాని కంటే బుష్‌లు బాగున్న బీమ్ బండి పది రెట్లు నయం. పేపర్ మీద గెలిచిన కారు నీకు దొరకదు, ఎవడో వాడి వదిలేసిన ఒక్క కారు దొరుకుతుంది. అందుకని మోడల్ కాదు, బండి చూడు.

వెనకసీటు_అక్క:
అందరూ ఇంజిన్ గురించే మాట్లాడుతున్నారు, ఫ్యామిలీ అన్నాడు కదా ఆయన, ఎంతమంది? పిల్లల వయసెంత? ఒక్కరూ అడగలేదు. నాకు ఇద్దరు, రెండేళ్ళు ఎఫ్30 నడిపా నేనే, నడుపుతుంటే నిజంగా ప్రాణం లేచొస్తుంది, వెనక చక్రాలు తోసే బండి కదా స్టీరింగ్ చాలా శుభ్రంగా ఉంటుంది. కానీ వెనక మధ్యలో కూర్చునేవాళ్ళకి కాళ్ళ దగ్గర వెనక చక్రాలకి వెళ్ళే షాఫ్ట్ సొరంగం పెద్ద గుట్టలా ఉంటుంది, అక్కడ పెద్దవాళ్ళని కూర్చోబెట్టలేవు.

నిద్రలేని_నాన్న:
అక్కా ఇద్దరు పిల్లలు, పెద్దోడికి మూడేళ్ళు చిన్నదానికి ఎనిమిది నెలలు. రెండు చైల్డ్ సీట్లు. చిన్నదాని సీటు వెనక్కి తిరిగి ఉండేది. అమ్మ కూడా ఉంటుంది మాతో, ఆమెకి మోకాళ్ళ నొప్పి. అది చెప్పాల్సిన విషయం అనుకోలేదు.

వెనకసీటు_అక్క:
అదే మొదట చెప్పాల్సింది బాబూ!! రెండు సీట్ల మధ్యలో అమ్మగారు పడతారా? ఐసోఫిక్స్ కొక్కేలు, అదే చైల్డ్ సీటు బిగించేవి, మామూలుగా రెండు పక్కలా ఉంటాయి, మధ్యలో ఉండవు. మిగిలిన సందు కొలుచుకో. వెనక్కి తిరిగిన సీటు పెడితే దాని ముందున్న సీటు ముందుకి జరపాల్సి వస్తుంది, నువ్వు పొడుగైతే మోకాలు డాష్‌బోర్డుకి తగులుతుంది. చూడ్డానికి వెళ్ళేటప్పుడు రెండు చైల్డ్ సీట్లూ మోసుకుని వెళ్ళు, అమ్మేవాడు నవ్వినా సరే బిగించి చూడు. అమ్మగారిని కూడా తీసుకెళ్ళు, రెండుసార్లు ఎక్కి దిగమను. సెడాన్ కింద ఉంటుంది, మోకాళ్ళకి ఎక్కడం కాదు దిగడమే కష్టం.

నాలుగు_టైర్లు:
అలా అయితే ఎస్‌యూవీ కొనుక్కోమను అయిపోతుంది.

మూడో_గేరు:
ఎస్‌యూవీలో మజా ఏంటి. సెడాన్. మాన్యువల్.

నిద్రలేని_నాన్న:
మాన్యువల్ కుదరదు అన్నా, కారు వారంలో అయిదు రోజులు మా ఆవిడే నడుపుతుంది, తనకి ఆటోమేటిక్ లైసెన్సే ఉంది. నేను శని ఆదివారాలు, ఇంకా పొద్దున్నే ఎప్పుడైనా ఒంటరిగా.

మూడో_గేరు:
ముందే చెప్పొచ్చుగా.

వెనకసీటు_అక్క:
అంటే అయిదు రోజులు నడిపేవాళ్ళని అడక్కుండా రెండు రోజుల డ్రైవరు కారు ఎంచుతున్నాడు 😄 ఆవిడకి ఏం కావాలో అడిగావా?

గ్రీజు_చేతులు:
ఆటోమేటిక్ అంటే లెక్క మారిపోతుంది. మాజ్డా 6లోది టార్క్ కన్వర్టర్, అంటే క్లచ్ బదులు ఆయిల్ ద్వారా బలం పంపేది, ఆరు గేర్లు. 3 సిరీస్‌లోది కూడా కన్వర్టరే, ఎనిమిది గేర్లు, పాత కన్వర్టర్లలా బద్ధకంగా ఉండదు. ఆక్టావియా 1.4 లో వచ్చేది ఏడు గేర్ల డ్రై డ్యూయల్ క్లచ్, అంటే ఆయిల్‌లో మునగని రెండు క్లచ్‌లు వంతులవారీగా పనిచేసేది.

టార్క్_మాస్టారు:
దాన్ని డిఎస్‌జి అనాలి.

గ్రీజు_చేతులు:
డిఎస్‌జి అనేది ఆ కంపెనీ పెట్టుకున్న పేరు మాస్టారూ, రకం పేరు డ్యూయల్ క్లచ్. పైగా డిఎస్‌జి అన్నంత మాత్రాన ఏదో తెలీదు. 2003లో వచ్చిన ఆరు గేర్లది ఆయిల్‌లో మునిగి ఉండే క్లచ్, దానికి 60,000 కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చాలి. 2008లో వచ్చిన ఏడు గేర్లది డ్రై. రెండిటికీ బుద్ధి వేరు.

టార్క్_మాస్టారు:
నేను అన్నది ఆ ఇంజిన్‌తో వచ్చినదాన్ని జనం ఆ పేరుతోనే పిలుస్తారని. తప్పేముంది అందులో? సరే డ్యూయల్ క్లచ్. కానీ ఆటోమేటిక్ అని కూడా అనకండి మరి, లోపల ఉన్నది మాన్యువల్ గేర్లే, మిషను మారుస్తుంది అంతే.

మూడో_గేరు:
ఆవిడ లైసెన్సుకి ఆ తేడా తెలీదు.

గ్రీజు_చేతులు:
డ్రై క్లచ్‌కి అసలు శత్రువు స్పీడు కాదు, ట్రాఫిక్‌లో పాకడం. టెస్ట్ డ్రైవ్‌లో బ్రేకు మీంచి కాలు తియ్యి, యాక్సిలరేటర్ ముట్టుకోకు, బండిని దానంతట దాన్నే నిదానంగా కదలనివ్వు. చిన్న ఎత్తు మీద కూడా అదే చెయ్యి. వణుకులా కుదుపు వస్తే క్లచ్ చివరికొచ్చిందని లెక్క, ధర ఎంత తగ్గించినా నేనైతే వద్దంటా. ఇది చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, అరగంట ట్రాఫిక్‌లో తిప్పాక ఇంకోసారి చూడు.

ఇంక బండి చూసే పద్ధతి కూడా రాసేస్తున్నా, మళ్ళీ మళ్ళీ అడక్కుండా. నువ్వు వెళ్ళేటప్పటికి ఇంజిన్ చల్లగా ఉండాలి, బానెట్ మీద చెయ్యి పెట్టు, వెచ్చగా ఉంటే నీకంటే ముందు స్టార్ట్ చేసి దాచేశాడని. మొదటి స్టార్ట్‌లోనే పొగ రంగు చూడు, నీలం అయితే ఆయిల్ తాగుతోంది, తెల్లది ఆగకుండా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగం సీలు) పోయిందని అనుమానం. స్టీరింగ్ ఒక వైపు పూర్తిగా తిప్పి నిదానంగా గుండ్రంగా తిప్పు, తర్వాత రెండో వైపు, టకటకమంటే సీవీ జాయింట్ (చక్రానికి బలం అందించే కీలు) అరిగిందని. తిన్నటి రోడ్డులో ఒకసారి గట్టిగా బ్రేకు వెయ్యి, పక్కకి లాగకూడదు. ఆక్టావియా మూడో తరం 1.4 కి టైమింగ్ బెల్టు, అంతకు ముందు తరం 1.4 టర్బోకి చైన్. బెల్టు కిలోమీటర్లతోనే కాదు వయసుతో కూడా పాడవుతుంది, బిల్లు చూపించమను, మాట నమ్మకు. చైన్ అంటే జీవితాంతం అనుకోకు, అదీ సాగుతుంది.

సీటు బెల్టు ఒకదాన్ని చివరి దాకా లాగు. అడుగున చిన్న లేబుల్ మీద తయారైన తేదీ ఉంటుంది, నాలుగు బెల్టులూ బండి సంవత్సరానికి దగ్గరగా ఉండాలి, ఒక్కటే కొత్తది ఉంటే ఆ పక్క ఏదో జరిగింది. నేను ఒకసారి ఒక బండి చూశా, ఏ కంపెనీయో అనవసరం, లోపల తళతళ, సువాసన, సీటు కవర్లు కొత్తవి. బెల్టు లాగుతూ ఉంటే చివరి మూరెడు దగ్గర ఒక అడ్డగీత కనపడింది, పైన నల్లగా, కింద లేత మట్టిరంగు. గోటితో గీకితే పొడి రాలింది. నీళ్ళలో మునిగిన బండి. అమ్మేవాడు నా మొహం చూసి "అది టీ ఒలికింది సార్" అన్నాడు.

వెనకసీటు_అక్క:
టీ 😂😂

నాలుగు_టైర్లు:
మూరెడు టీ.

గ్రీజు_చేతులు:
ఇంకోటి మర్చిపోయా, ఓబీడీ రీడర్ పట్టుకెళ్ళు, కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చదివే పరికరం అది. ఎర్రర్ కోడ్‌లు లేవు అంటే సంతోషించకు, రెడీనెస్ మానిటర్లు చూడు, బండి తనని తాను పరీక్షించుకోవడం పూర్తయిందా లేదా అవి చెప్తాయి. అవి "పూర్తి కాలేదు" అని చూపిస్తే ఈమధ్యే ఎవరో కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండొచ్చు. రెండిట్లో ఏదో అడుగు, సమాధానం చెప్పేటప్పుడు మొహం చూడు.

నిద్రలేని_నాన్న:
అబ్బా అన్నా ఇది కదా నాకు కావాల్సింది. మా ఆవిడని లేపి అడిగా, తనకి చిన్నగా తిరిగేది, పార్కింగ్‌లో దూరేది కావాలట. చెప్పడం మర్చిపోయా, మా పార్కింగ్ పొడుగు 4.7 మీటర్లు, వెనక గోడ.

మూడో_గేరు:
మాజ్డా 6 4.8 పైనే. నా టైమ్ వేస్ట్.

టార్క్_మాస్టారు:
ఎఫ్30 4.63 దాకా, ఆక్టావియా 4.66. రెండూ పట్టేవే కానీ ఆక్టావియాకి గోడకి మధ్య నాలుగు సెంటీమీటర్లే, డిక్కీ తెరవాలంటే ముందుకి తియ్యాలి.

వెనకసీటు_అక్క:
ఆక్టావియా డిక్కీ 590 లీటర్లు, వెనక అద్దంతో సహా మొత్తం పైకి లేస్తుంది, స్ట్రోలర్ మడత పెట్టకుండా పెట్టేశారు మా చెల్లెలు వాళ్ళు. నా ఓటు దానికే, మోకాళ్ళ సంగతి మాత్రం ముందు చూసుకో. ఆవిడని కూడా టెస్ట్ డ్రైవ్‌కి తీసుకెళ్ళు.

నాలుగు_టైర్లు:
ఆక్టావియాకి 17 అంగుళాలవి ఉంటే 16కి దిగు, టైరు గోడ పెరుగుతుంది, గతుకు మెత్తబడుతుంది.

మూడో_గేరు:
మలుపులో కూడా మెత్తబడుతుంది. మజా పోయింది.

నాలుగు_టైర్లు:
టైరు మంచిదైతే పోదు. దేని మీద నడిపావు నువ్వు? ఏ కంపౌండ్?

మూడో_గేరు:
గుర్తులేదు.

నాలుగు_టైర్లు:
అదే చెప్తున్నా.

నిద్రలేని_నాన్న:
రేపు పొద్దున్న ఏడింటికి ఒక ఆక్టావియా చూడ్డానికి వెళ్తున్నాం, అందరం. రెండు సీట్లూ, అమ్మా, రీడర్ కూడా. బానెట్ చల్లగా ఉంచమని చెప్పలేదు, చెప్తే తెలిసిపోతుంది కదా. థాంక్స్, పడుకుంటున్నా.

టార్క్_మాస్టారు:
చెప్పడం మరిచా, ఆ 250 టార్క్ 1,500 నుంచి 3,500 దాకా బల్లపరుపుగా ఉంటుంది, ఆ తర్వాత పడిపోతుంది, కాబట్టి మజా కోసం ఎర్రగీత దాకా లాగకండి, అక్కడ ఏమీ లేదు.

మూడో_గేరు:
మాజ్డాలో ఉంది.

గ్రీజు_చేతులు:
ఏమైంది తమ్ముడూ, చూశావా?

వెనకసీటు_అక్క:
నాలుగు రోజులైంది. అమ్మగారు దిగగలిగారా లేదా అదైనా చెప్పు బాబూ.