సెలవుల ఇంటి వంటగదికి అల్మారాల రంగు: తెలుపా, ముదురు నీలమా, బూడిదపచ్చా?

గట్టుపక్కన:
అందరికీ నమస్కారం. రెండు మూడు రోజులకోసారి అతిథులు మారే సెలవుల ఇంట్లో వంటింటి అల్మారాలకు రంగు తేల్చుకోవాలి.

వంటిల్లు 3 మీటర్లు × 2.4 మీటర్లు, ఎల్ ఆకారం. కిటికీ ఒక్కటే, పడమర వైపు. నేల లేత గోధుమ రంగు టైల్స్, గట్టు నల్లచుక్కల బూడిద రంగు గ్రానైట్. ఈ రెండూ మార్చడం లేదు. షట్టర్లు 18, డ్రాయర్లు 6. లోపలి డబ్బాలు ప్లైవుడ్, గట్టిగానే ఉన్నాయి. షట్టర్ల మీది పాత లామినేట్ సింక్ కింద రెండిటికి అంచు లేచింది, మిగతావి బాగానే ఉన్నాయి.

మనసులో ఉన్నవి మూడు: అంతా తెలుపు, అంతా ముదురు నీలం, లేకపోతే బూడిద కలిసిన ఆకుపచ్చ. ఒకరు ఖాళీ చేసి ఇంకొకరు వచ్చేలోపు వంటింటికి అరగంటకు మించి దొరకదు. ఫొటోల్లో బాగుండాలి, రెండేళ్ల తర్వాతా అలాగే ఉండాలి. రంగు వేయించడమా, కొత్త షట్టర్లా అన్నది కూడా చెప్పగలరు.

చెక్కపని:
మారని వాటితో మొదలుపెట్టండి. నేల, గట్టు మార్చనప్పుడు సగం నిర్ణయం అవే చేసేశాయి. ఒక తెల్ల కాగితం తెచ్చి టైల్ మీద పెట్టండి. కాగితం పక్కన టైల్‌లో దాగిన చాయ బయటపడుతుంది: పసుపో, గులాబో, పచ్చో. గ్రానైట్ మీదా అలాగే చూడండి. లేత గోధుమ టైల్ ఎక్కువగా పసుపు వైపో గులాబీ వైపో ఉంటుంది. దాని పక్కన నీలం చాయ ఉన్న స్వచ్ఛమైన తెలుపు పెడితే తెలుపు బాగానే కనబడుతుంది, నేల మాత్రం కడగనట్టు కనబడుతుంది. చాలామంది అప్పుడు నేలను తిట్టుకుంటారు, తప్పు అల్మారాది. మీకు తెలుపు కావాలంటే కొంచెం వెచ్చదనం ఉన్న ఆఫ్‌వైట్ తీసుకోండి.

తర్వాత దెబ్బలు ఎక్కడ పడతాయో చూడండి. కింది అరలకు చెప్పుల కాళ్లు, సూట్‌కేసుల చక్రాలు, వాక్యూమ్ గొట్టం, గట్టు మీంచి కారిన కాఫీ. పై అరలకు పడేది వేలి జిడ్డు, పొయ్యి ఆవిరి మాత్రమే. ఇంత తేడా ఉన్న రెండు చోట్లకు ఒకే రంగు అక్కర్లేదు. పైన ఆఫ్‌వైట్, కింద బూడిదపచ్చ మధ్యస్థంగా ఉన్నది, అన్నిటికంటే కింద పాదాలు తగిలే 10 సెంటీమీటర్ల పట్టీకి గ్రానైట్‌లోని ముదురు బూడిద. నేను వేసే ఓటు ఇదే.

షేడ్ కార్డు వెనక ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది. రంగు ఎంత వెలుతురును తిప్పికొడుతుందో చెప్పే అంకె అది, 0 నలుపు, 100 తెలుపు. పై అరలకు 70 నుంచి 80, కింది వాటికి 25 నుంచి 45 మధ్య ఎంచుకుంటే దుమ్ము, గీతలు, ఎండిన నీటి చుక్కలు అన్నీ తక్కువగా కనబడతాయి. ముదురు నీలం చాలావరకు 10 లోపే ఉంటుంది. ఒకే కిటికీ ఉన్న 7 చదరపు మీటర్ల గదిలో సాయంత్రం అయ్యేసరికి అది నల్లగానే కనబడుతుంది. దాని మీద పిండి దుమ్ము, ఎండిన సబ్బునీటి చార, గోటి గీత దేనికదే వేరుగా కనబడుతుంది.

నమూనా చూసే పద్ధతి కూడా ముఖ్యమే. అరచేతి సైజు కార్డు చూసి తేల్చకండి. 30 × 40 సెంటీమీటర్ల పలకకు రెండు కోట్లు వేసి, గట్టు మీద పడుకోబెట్టకుండా షట్టర్‌కు ఆనించి నిలబెట్టండి. పడుకున్న పలక మీద పడే వెలుతురు వేరు, నిలువుగా ఉన్న షట్టర్ మీద పడేది వేరు. పొద్దున, మధ్యాహ్నం, పడమటి ఎండ పడేటప్పుడు, రాత్రి లైట్లు వేశాక, నాలుగుసార్లు చూడండి. పడమటి ఎండలో ఆఫ్‌వైట్ బాగా పసుపుగా కనబడుతుంది, కాబట్టి అప్పటికే పసుపు ఎక్కువున్న క్రీమ్ రంగులు వద్దు.

రంగులపెట్టె:
పైన చెప్పిన రంగులతో ఏకీభవిస్తాను, కానీ మీ ఇంటికి రంగు కంటే మెరుపు ఎంత అన్నదే పెద్ద ప్రశ్న. బూడిదపచ్చనే పూర్తి మ్యాట్‌లో వేశారనుకోండి. వేలి జిడ్డు అంటిన చోట ముదురు మచ్చ కనబడుతుంది. శుభ్రం చేసేవారు దాన్ని తెల్ల మెలమైన్ స్పాంజితో రుద్దుతారు. ఆ స్పాంజి నిజానికి చాలా సన్నని ఎమ్రీ పేపర్ లాంటిది, మరకతో పాటు పైపొరను కూడా నున్నగా అరగదీస్తుంది. మరక పోతుంది, హ్యాండిల్ చుట్టూ అరచేయంత మెరిసే మచ్చ మిగులుతుంది. అది కడిగితే పోయేది కాదు. పక్కనుంచి చూస్తే ప్రతి హ్యాండిల్ దగ్గరా కనబడుతుంది.

పూర్తి గ్లాసీ అయితే ఉల్టా. తుడవడం తేలికే, కానీ గుండ్రంగా తుడిచిన గీతలన్నీ లైటు కింద తేలతాయి, చెక్కలో ఉన్న ఎత్తుపల్లాలు కూడా. మధ్యలో శాటిన్ తీసుకోండి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల సబ్బు రెండు మూడు చుక్కలు, మైక్రోఫైబర్ గుడ్డ, తర్వాత పొడిగుడ్డ. మీ అరగంటలో అంతకంటే ఎక్కువ చేయలేరు. బ్లీచ్, అమ్మోనియా ఉన్న స్ప్రేలు, ఆకుపచ్చ స్క్రబ్బర్ అల్మారాల దగ్గరకు రానివ్వొద్దని సింక్ కింద తలుపు లోపల ఒక కాగితం అంటించండి.

ఇంకొకటి. అరల లోపలి వైపు మాత్రం తెలుపే ఉంచండి. అతిథికి గ్లాసులు ఎక్కడున్నాయో వెంటనే కనబడతాయి. ఖాళీ చేశాక మూలన మరిచిన చార్జరో, ఒలికిన పంచదారో ఒక్క చూపులో తెలుస్తుంది.

గట్టుపక్కన:
చాలా ఉపయోగంగా ఉంది, ధన్యవాదాలు. అయితే పై ఆఫ్‌వైట్, కింద బూడిదపచ్చ, రెండూ శాటిన్. ఇప్పుడు రంగు వేయించడమా, కొత్త షట్టర్లా? పాత లామినేట్ మీద రంగు నిలుస్తుందా?

ప్రైమర్‌డబ్బా:
నిలుస్తుంది, కింద పని సరిగా చేస్తే. వంటింటి రంగు ఊడేది నూటికి తొంభైసార్లు అన్నట్టు జిడ్డు వల్లే, రంగు నాణ్యత వల్ల కాదు. వరస చెబుతాను.

షట్టర్లు విప్పి, కీలు ఉండే గుంటలో నంబరు రాసి దాని మీద టేపు అంటించండి. 18 షట్టర్లు కలిసిపోతే మళ్లీ బిగించేటప్పుడు ఏదీ సరిగా కూర్చోదు. జిడ్డు తీసే ద్రావణంతో రెండుసార్లు కడగండి, పొయ్యి పక్కనున్నవి, హ్యాండిల్ చుట్టూరా మూడోసారి. తర్వాత మంచినీళ్లతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. కడగకముందే ఎమ్రీ పేపర్ పట్టకండి, జిడ్డును గీతల్లోకి రుద్దినట్టవుతుంది. ఆరాక 180 లేదా 220 నంబరు పేపర్‌తో మెరుపు పోయేదాకా మాత్రమే రుద్దండి, లామినేట్ పొర దాటి వెళ్లక్కర్లేదు. దుమ్ము వాక్యూమ్ చేసి తడిగుడ్డతో తీయండి.

ఇప్పుడు బాండింగ్ ప్రైమర్. డబ్బా మీద లామినేట్‌కు, నున్నని ఉపరితలాలకు పనికొస్తుందని రాసి ఉండాలి. మామూలు గోడ ప్రైమర్ వేస్తే గోటితో గీకినా పొరలా వచ్చేస్తుంది. ఒక మూలన వేసి, పూర్తిగా ఆరాక బ్లేడుతో చదరపు గళ్లలా గీసి, టేపు అంటించి లాగి చూడండి. టేపుతో పాటు రంగు వస్తే ఆ ప్రైమర్ మార్చండి, లేదా ఇంకా రుద్దండి. ఈ పరీక్ష చేయకుండా 18 షట్టర్లకూ వేసేయొద్దు.

ప్రైమర్ ఆరాక 320 నంబరుతో తేలికగా ఒక చేయి, ఆపైన అల్మారాల కోసమే చేసిన నీటి ఆధారిత ఎనామిల్ రెండు పలచటి కోట్లు, 4 అంగుళాల ఫోమ్ రోలర్‌తో. నూనె ఆధారిత తెల్ల ఎనామిల్ వద్దు, వెలుతురు తగలని చోట అది పసుపెక్కుతుంది. ఒకే మందపు కోటు వేస్తే అంచుల్లో కారి గడ్డకడుతుంది.

ఎంత కావాలి? 45 × 70 సెంటీమీటర్ల షట్టర్ రెండు వైపులా కలిపి 0.63 చదరపు మీటర్లు. 18కి 11.3. డ్రాయర్ ముఖాలు, బయటికి కనబడే పక్క పలకలు కలుపుకుంటే 14. లీటరు ఒక కోటుకు 9 చదరపు మీటర్లు వస్తుందనుకుంటే రెండు కోట్లకు 3 లీటర్ల పైచిలుకు, ప్రైమర్‌కు 2 లీటర్లు. మీవి రెండు రంగులు కాబట్టి చెరి 2 లీటర్లు తీసుకోండి, మిగిలింది దాచుకోవడానికి. అదే బ్యాచ్ రంగు దాచకపోతే ఏడాది తర్వాత వేసిన టచప్ చతురస్రంలా కనబడుతుంది.

సింక్ కింద లేచిన రెండు షట్టర్ల సంగతి ముందు చూడండి. లోపల చెక్క ఉబ్బకపోతే ఆరబెట్టి, కాంటాక్ట్ జిగురుతో అంటించి బిగించొచ్చు. ఉబ్బిందంటే ఆ షట్టర్లు మార్చేయాల్సిందే, దాని మీద వేసిన రంగు మొదటి తడికే పగులుతుంది. ఎలాగూ విప్పారు కాబట్టి కింది అంచుకు రెండు కోట్ల ప్రైమర్ వేయండి, నీళ్లు పైకి పీల్చుకునేది ఆ అంచు నుంచే.

అందరూ పొరబడేది ఆరే కాలం దగ్గర. చేతికి అంటకపోవడం కొన్ని గంటల్లో అవుతుంది. రంగు గట్టిపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోపు మూసిన షట్టర్ ఫ్రేమ్‌కు అతుక్కుని, అతిథి లాగితే పెచ్చు లేస్తుంది. బుకింగులు కనీసం రెండు వారాలు ఆపండి, మొదటి వారం షట్టర్లు ఓరగా తీసే ఉంచండి. తర్వాతే మూలలకు సిలికాన్ బంపర్లు అంటించండి.

చెక్కపని:
రెండు వారాలు ఆపడం కుదరకపోతే కొత్త షట్టర్లు చేయించి ఒక్క రోజులో బిగించొచ్చు. అల్మారాల లోపలి డబ్బాలు బాగున్నాయన్నారు కాబట్టి అది దండగ ఖర్చేమీ కాదు. 1 మిల్లీమీటరు లామినేట్, అంచులకు 2 మిల్లీమీటర్ల ఎడ్జ్ బ్యాండింగ్ (అంచును కప్పే పట్టీ), దాన్ని అంటించడానికి పీయూఆర్ (పాలీయురేతేన్) జిగురు. లేత రంగులకు ఈ జిగురు మాట మరీ ముఖ్యం, మామూలు వేడి జిగురు గీత కొంచెం వెడల్పుగా ఉండి, జిడ్డు పట్టి కొన్నాళ్లకు పై అరల అంచుల చుట్టూ గోధుమ రంగు గీతలా తయారవుతుంది. ఎడ్జ్ బ్యాండింగ్ రంగును లామినేట్‌తో కలిపి దుకాణం లైటులో కాకుండా మీ వంటింటి లైటులోనే చూడండి. అక్కడ ఒకటిగా ఉన్నవి ఇక్కడ వేరవుతాయి.

మెంబ్రేన్ షట్టర్లు (పలక మీద పలచటి ప్లాస్టిక్ పొరను వేడితో అంటించినవి) మాత్రం పొయ్యి, అవెన్ పక్కన వద్దు, వేడికి పైపొర ముడుచుకుని లేస్తుంది. ఆర్డర్‌లోనే ఎక్కువ అరిగే సైజులో రెండు షట్టర్లు అదనంగా చేయించి పెట్టుకోండి. లామినేట్‌కు టచప్ ఉండదు, మార్చడమే.

గట్టుపక్కన:
హ్యాండిల్స్ తీసేసి నొక్కితే తెరుచుకునేవి పెడితే శుభ్రంగా ఉంటుందా?

రంగులపెట్టె:
వద్దండీ. నొక్కేవాటికి అతిథి వేళ్లన్నీ రంగు మీదే పడతాయి. కొత్తవాళ్లకు ఎక్కడ నొక్కాలో తెలియక అంచు పట్టి లాగుతారు, లోపలి మీట విరుగుతుంది. బ్రష్ చేసిన స్టీల్ హ్యాండిల్ పెట్టండి, రంధ్రాల మధ్య దూరం 128 లేదా 160 మిల్లీమీటర్లు. ఆ రెండు కొలతలూ ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి ఒకటి పోయినా కొత్త రంధ్రం చేయకుండా మార్చుకోవచ్చు.

లెన్స్‌మూత:
ఫొటోల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి. కెమెరా ప్రతి దృశ్యాన్నీ మధ్యస్థ బూడిదగా చేయాలని చూస్తుంది. అంతా తెల్లగా ఉంటే తెలుపును మురికి బూడిదలా తీస్తుంది, అంతా ముదురైతే వెలుతురు పెంచి కిటికీని తెల్లమచ్చ చేస్తుంది. పైన లేత, కింద మధ్యస్థం అన్న మీ ఎంపికకు ఈ చిక్కు తక్కువ.

కానీ లైట్లు చూసుకోండి. పైకప్పు బల్బు 3000 కెల్విన్ (వెచ్చని పసుపు వెలుతురు), పై అరల కింద పట్టీ లైటు 6500 (నీలం చాయ వెలుతురు) అయితే ఒకే ఆఫ్‌వైట్ పైన పసుపుగా, గట్టు దగ్గర నీలంగా వస్తుంది. దాన్ని ఫొటోలో సరిదిద్దడం చాలా కష్టం. అన్నీ 3000 కెల్విన్, సీఆర్ఐ (బల్బు కింద రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె, గరిష్ఠం 100) 90కి పైన ఉన్నవి పెట్టండి. నమూనా పలకను నాలుగుసార్లు చూడమన్నారు కదా, బల్బులు మార్చాకే చూడండి, లేకపోతే మళ్లీ చూడాల్సి వస్తుంది. మీది పడమర కిటికీ కాబట్టి ఫొటోలు పొద్దున తీయండి, లైట్లు ఆపేసి.