అప్‌డేట్: వెర్మీర్ పోర్ట్రెయిట్ కాపీ, నీడల్లో స్కిన్ బురదగా వస్తోందని అడిగాను కదా

ముందుగా అందరికీ థాంక్స్. డచ్ చిత్రకారుడు వెర్మీర్ సుమారు 1665లో వేసిన ముత్యపు చెవిపోగు అమ్మాయి బొమ్మని ఆయిల్స్‌లో కాపీ చేస్తుంటే చెంప నీడ అంతా బూడిదరంగు బురదలా వస్తోందని అడిగాను, మీలో చాలామంది ముందు బ్రౌన్‌తో అండర్‌పెయింటింగ్ (అంటే రంగుల కింద ఉండే తొలి పొర) వేసి ఆరనివ్వు, రంగుల సంగతి తర్వాత అన్నారు.

అదే చేశా. బర్న్ట్ అంబర్ అనే ముదురు బ్రౌన్ రంగుని సాల్వెంట్‌తో పల్చగా చేసి వెలుగు నీడలు మాత్రమే పెట్టాను, అంబర్ త్వరగా ఆరుతుంది కాబట్టి ఎక్కువ ఆగాల్సిన పని రాలేదు, దాని మీద నూనె కాస్త ఎక్కువున్న పొరలు పల్చగా వేసుకుంటూ పోతే కింద బ్రౌన్ లోపల్నుంచి కనిపించి నీడకి ఎంత వెచ్చదనం వచ్చిందో! నీడలో తెలుపు దాదాపు వాడలేదు, అసలు తేడా అక్కడే ఉందని నా నమ్మకం.

ఇంకో సంగతి, ముక్కుకీ అవతలి చెంపకీ మధ్య వెర్మీర్ గీతే పెట్టలేదు, రెండూ ఒకే వెలుగులో కలిసిపోయాయి. ముత్యం కూడా అంతే, పైన ఒక తెల్లటి మచ్చ, కింద కాలర్ నుంచి పడే మెత్తటి వెలుగు, తగిలించే కొక్కెం కూడా లేదు. కాపీ చేస్తే తప్ప ఇవి కంటికి ఆనవు.

బ్యాక్‌గ్రౌండ్ నల్లగా వేయమన్నవాళ్ళకి: అది మొదట్లో ఆకుపచ్చ తెర అని 2018లో ఆ బొమ్మ ఉన్న మౌరిట్‌షుయిస్ మ్యూజియం వాళ్ళు చేసిన పరీక్షల్లో తేలింది, అందుకే నేను ముదురు ఆకుపచ్చే వేస్తున్నా. తలపాగా నీలం ఇంకా మిగిలింది, అల్ట్రామెరైన్ నీలంతో గ్లేజ్ (కింది రంగు కనిపించేంత పల్చటి పొర) వేయడానికి రంగులో కలిపే మీడియం ఏది బాగుంటుందో చెప్పండి.